అడగకుండా కొన్న వెనక సీటు

మోటార్‌హోమ్‌లో తిరిగేవాళ్లకు తొలి ప్రయాణంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. ఇల్లు వెంట వస్తుంది కానీ, బజారుకు వెళ్లడానికి బండి ఉండదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపి, కరెంటు వైరు తగిలించి, నీళ్ల పైపు బిగించి, మురుగు గొట్టం దింపుకున్నాక పెరుగు అయిపోయిందని గుర్తొస్తే, అవన్నీ ఊడదీసి 31 అడుగుల బండిని బయటికి తీయాలి. కొన్నిచోట్లకు ఆ బండిని రానివ్వనే రానివ్వరు. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో ‘గోయింగ్ టు ద సన్’ అని ఒక కొండదారి ఉంది, 1933లో ప్రారంభించారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఆ దారి పైభాగంలోకి 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండ్లు వెళ్లకూడదు. 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ పాస్ చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. చాలామంది చిన్న కారును వెనక కట్టుకుని లాక్కెళతారు. అలా కట్టాక బండిని వెనక్కి తీయడం కుదరదు. అది నాకు నచ్చలేదు. స్కూటర్ కొందామనుకున్నాను.

స్కూటర్ అనగానే నా మనసులో మెదిలింది చేతక్. ఎనభైలలో, విజయవాడలో, బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన బండి. పక్కకి వంచి కిక్కు కొట్టి, ముందు పిల్లవాణ్ణి నిలబెట్టి, వెనక మా ఆవిడను ఎక్కించుకుని, బ్యారేజీ మీదుగా మంగళగిరి వెళ్లేవాళ్లం. డాలస్‌లో షోరూంలో నిలబడి బండ్లు చూస్తున్నప్పుడు నా కళ్ల ముందున్నది ఆ మంగళగిరి దారే. సేల్స్ కుర్రాడు హోండా మెట్రోపాలిటన్ చూపించాడు. 49 సీసీ, 81 కిలోలు. అయితే ఇక్కడ అమ్మేది ఒక్కరు కూర్చునే బండి. ఒక్కటే సీటు అనగానే పక్కన పెట్టేశాను. ఇద్దరం వెళ్లాలి కదా అని 150 సీసీ బండి, 130 కిలోలది, కొన్నాను. అప్పటికి నాకు అరవై నాలుగేళ్లు. మా ఆవిడను ఒక్క మాట అడగలేదు.

టెక్సస్‌లో ఇలాంటి బండి నడపాలంటే క్లాస్ ఎం లైసెన్సు కావాలి. దానికి ముందు శిక్షణ తప్పనిసరి. నేను ముందు బండి కొన్నాను, కోర్సు తర్వాత చూద్దాం అనుకున్నాను. ఇరవై ఏళ్లు స్కూటర్ నడిపినవాడికి కొత్తగా నేర్పేదేముంటుంది అన్న ధీమా. ఎవరూ లేని వేళ చూసి, ఇంటి దగ్గరి చర్చి పార్కింగులో మొదలుపెట్టాను.

చేతక్‌లో ఎడమచేతి కింద క్లచ్చు, ఆ పిడిలోనే గేర్లు. వెనక బ్రేకు కుడికాలి కింద. ఇరుకు సందులో మలుపు తిప్పేటప్పుడు క్లచ్చు నొక్కిపట్టి, బండిని అలా మెల్లగా జారనివ్వడం అందరం చేసేదే. ఇప్పటి ఆటోమేటిక్ స్కూటర్లకు క్లచ్చు లీవరు ఉండదు. ఆ ఎడమ లీవరే బ్రేకు. నేను కొన్న దానిలో అది నొక్కితే వెనక చక్రంతో పాటు ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. సురక్షితమైన ఏర్పాటే, తిన్నగా వెళ్లేటప్పుడు. నేను నడక వేగంలో హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నాను. నాలుగు వేళ్లూ వాటంతట అవే ఆ లీవరును నొక్కేశాయి. బండి ఉన్నచోటే ఆగి ఎడమకు ఒరిగింది. కాలు ఆనించాను. 130 కిలోల బండి ఒకసారి ఒరగడం మొదలెడితే అరవై నాలుగేళ్ల కాలు ఆపలేదు. తొడ మీద పడింది. దాన్ని లేపడం నా వల్ల కాలేదు. అటుగా వచ్చిన ఒకాయన సాయం పట్టాడు.

ఎముక విరగలేదు. కానీ గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా మందు వేసుకుంటున్నాను. తొడ మీద నల్లగా కమిలిన మచ్చ మోకాలి దాకా పాకి, వారాల తరబడి తగ్గలేదు. ఆ మందు వాడేవాడికి తలకు దెబ్బ తగిలితే ఎంత ప్రమాదమో డాక్టరు విడమరిచి చెప్పాకే తెలిసింది. రెండు చక్రాల బండి కొనేముందు డాక్టరును అడగాలన్న ఆలోచన నాకు రాకపోవడం నిజంగా తప్పు. ఈ వయసులో కొనేవాళ్లు షోరూంకు వెళ్లేముందే వెళ్లాల్సిన చోటది.

తర్వాత చేరిన కోర్సులో మొదట నేర్పిందే ఇది. బ్రేకు వేసేముందు హ్యాండిల్ తిన్నగా పెట్టాలి, మలుపులో చూపు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన వైపు ఉండాలి. నా పక్కన నేర్చుకున్న కుర్రవాళ్లకు ఇవి వెంటనే పట్టుబడ్డాయి. నేను ముందు పాతవి మరవాల్సి వచ్చింది. ఎడమచెయ్యి మాట వినడానికి చాలా కాలం పట్టింది.

రెండో తప్పు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అది నా వృత్తికి సంబంధించింది. మోటార్‌హోమ్ వెనకున్న హిచ్ మీద 5,000 పౌన్లు లాగవచ్చు, 500 పౌన్లు మోయవచ్చు అని రాసి ఉంది. స్కూటర్, దాన్ని ఎక్కించే ట్రే కలిపి 170 కిలోలు, అంటే 375 పౌన్లు. సరిపోయిందనుకున్నాను. ఉద్యోగమంతా దూలాల మీద బరువులు లెక్కకట్టినవాణ్ణి, కాగితం మీద ఒక గీత గీసుకోలేదు. మా బండి ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 18 అడుగులు. వెనక ఇరుసు నుంచి స్కూటర్ దాకా మరో 12 అడుగులు. ఏతం మాను లాగా వెనక కిందికి నొక్కుతుంటే ముందు పైకి లేస్తుంది. 170ని 12తో గుణించి 18తో భాగిస్తే 113. ముందు చక్రాల మీద అన్ని కిలోలు తగ్గుతాయి, వెనక చక్రాల మీద ఏకంగా 283 కిలోలు పెరుగుతాయి. హిచ్ విరగకపోవచ్చు. స్టీరింగు తేలిపోతుంది.

అమరిల్లో వైపు వెళ్లే 287 హైవే మీద అడ్డగాలి కొట్టినప్పుడు అది నా చేతులకు తెలిసింది. లారీ పక్కనుంచి దాటిపోతే బండి పక్క గీత మీదికి జరిగేది. తిప్పిన తిప్పుకు ఆలస్యంగా పలికేది. మా ఆవిడ సీటు పిడి పట్టుకుని కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత వచ్చిన ట్రక్‌స్టాపులో క్యాట్ స్కేల్ ఎక్కించాను. లారీలను తూచే ఆ కాటా ఒక్కో ఇరుసు బరువు విడివిడిగా చెబుతుంది. డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరులో రాసిన వెనక ఇరుసు పరిమితి మేం దాటేశాం. ఆ కాటా చీటీ స్కూటర్ కొనకముందే తీసుకోవాల్సింది, నిండు నీళ్ల ట్యాంకుతో, సామానంతా సర్దుకుని. వెనక లోడు తగ్గించడానికి నీళ్లు సగం వదిలేసి, నెమ్మదిగా వెళ్లాం.

అంత చేసి గ్లేసియర్ చేరాక, పొద్దున్నే స్కూటర్ దించి హెల్మెట్లు తీశాను. మా ఆవిడ తన హెల్మెట్ అందుకోలేదు.

“నేను ఎక్కలేనండీ. మోకాలు అంత ఎత్తు లేవదు. కొనేముందు అడిగితే అప్పుడే చెప్పేదాన్ని” అంది.

కోపంగా అనలేదు. ఆ వెనక సీటు కోసమే పెద్ద బండి కొన్నాను, ఆ బరువే నా మీద పడింది, ఆ బరువే మమ్మల్ని హైవే మీద ఊపేసింది. కూర్చోవాల్సిన మనిషిని మాత్రం అడగలేదు. ఆవిడ మోకాళ్లకు ఇంజెక్షన్లు వేయించడానికి నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆవిడ కష్టపడి ఎక్కిన ప్రతి మెట్టూ చూస్తూనే ఉన్నాను. నా దృష్టిలో ఆవిడ ఇంకా మంగళగిరి దారిలోనే ఉండిపోయింది. ఆ పొద్దు మేమిద్దరం పార్కు వాళ్ల షటిల్ బస్సెక్కి లోగన్ పాస్‌కు వెళ్లాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ లోయ చూసింది. నేను నడుపుతూ ఉంటే నాకు ఆ లోయ కనపడేది కాదు.

ఆ బండిని నష్టానికే అమ్మేశాను. ఇప్పుడున్నది మొదట వద్దన్న ఆ 81 కిలోలదే. ట్రేతో కలిపినా ఇరుసు పరిమితి దాటడం లేదు, కాటా వేసి చూశాను. గంటకు దాదాపు 40 మైళ్లకు మించి వెళ్లదు కనుక హైవే ఎక్కను. పాలు, కూరగాయలు, మందులు, పోస్టాఫీసు, అంతవరకే. నాలుగు వైపులా పట్టీలు బిగించి, కొంత దూరం వెళ్లాక ఆపి మళ్లీ బిగిస్తాను. కొత్త పట్టీలు మొదట్లో సాగుతాయి. మోటార్‌హోమ్ నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు స్కూటర్ చాటున పడకుండా చూసుకోవాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఇద్దరం కలిసి చూడాల్సిన చోటికి బస్సో, అద్దెకారో.

ఇదీ ఎప్పటికీ ఉంచుకునేది కాదు. ప్రతి ఏడాదీ బయల్దేరేముందు ఇంజన్ ఆపి, మా డ్రైవ్‌వే వాలు మీద దాన్ని పైదాకా నెట్టాలి, నెట్టలేని ఏడాది అమ్మేయాలి అని ఇద్దరం మాట అనుకున్నాం. నెట్టగలిగానో లేదో తేల్చేది ఆవిడే.