గరాజ్ నిండా డిస్కులే

మా గరాజ్‌లో కారు పెట్టి రెండేళ్లయింది. ఒక పక్క అత్తగారు తెనాలి నుంచి మోసుకొచ్చిన జాడీలు, మిగతా చోటంతా మా వాడి డిస్కులు. మొన్న లెక్కపెడదామని కూర్చుని నూట నలభై దగ్గర ఓపిక లేక లేచిపోయాను. వాటిలో సగం పైగా మేం కొన్నవి కాదు, వాడు గెలిచినవి. గొడవంతా అక్కడే మొదలైంది.

డిస్క్ గోల్ఫ్ తెలియని వాళ్లకి రెండు ముక్కలు. ఫ్రిస్బీ కన్నా చిన్నగా, అంచు పదునుగా ఉండే డిస్కుని విసిరి, ఇనుప గొలుసులు వేలాడే బుట్టలో పడెయ్యాలి. 18 బుట్టలు. తక్కువ విసుర్లలో పూర్తి చేసినవాడు గెలిచినట్టు. ఈ గొలుసుల బుట్ట కనిపెట్టిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయనే 1976లో పీడీజీఏ అనే సంఘం కూడా పెట్టాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మం కలిపి డిస్కులు పోయించారట. ఆ సంగతి విన్నాక మా అత్తగారు రెండు రోజులు గరాజ్ గుమ్మం తొక్కలేదు. "అవి ఇవి కావు నాయనమ్మా" అని మా వాడు ఒట్టేస్తే గానీ పచ్చడి జాడీ బయటికి రాలేదు.

మేముండేది షార్లెట్‌లో. ఇక్కడ ఈ ఆటకి కొదవలేదు. మాకు దగ్గరే రాక్ హిల్‌లో ప్రతి ఏడాదీ అక్టోబరులో పెద్ద పెద్ద ప్రొఫెషనల్స్ వచ్చి ఆడతారు. అక్కడ తాడుకి ఇవతల నిలబడి చూసి చూసి, పదిహేనో ఏట మా వాడూ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇరవై. కాలేజీ ఇక్కడే, తిండి ఇంట్లోనే.

ఈ ఆటలో ప్రతివాడికీ ఒక రేటింగ్ ఉంటుంది. గత 12 నెలల్లో టోర్నమెంట్లలో ఆడిన రౌండ్లన్నీ చూసి కడతారు. 1000 అంటే మేటి. ఒక రౌండులో ఒక విసురు తేడా అంటే ఇంచుమించు 10 పాయింట్లు అనుకోండి. 900 లోపు వాళ్లు రిక్రియేషనల్‌లో, 935 లోపు వాళ్లు ఇంటర్మీడియట్‌లో ఆడొచ్చు. అది దాటితే అడ్వాన్స్‌డ్. తమాషా ఏంటంటే, కింద తరగతుల్లో రేటింగ్ పెరిగితే వాళ్లే బయటికి పంపేస్తారు. అడ్వాన్స్‌డ్‌కి మాత్రం పై హద్దు లేదు. అక్కడి నుంచి ప్రొఫెషనల్స్ ఆడే ఓపెన్‌కి వెళ్లమని ఎవరూ మెడపట్టి గెంటరు. ఎవరికి వాళ్లే లేవాలి.

మా వాడు 958 దగ్గర హాయిగా కూర్చున్నాడు.

అమెచ్యూర్లకి బహుమతిగా డబ్బివ్వరు, సరుకే. అందుకే ఈ డిస్కుల గుట్ట. డబ్బు తీసుకున్న రోజున అమెచ్యూర్ హోదా పోతుంది, అమెచ్యూర్ల ప్రపంచ పోటీకి వెళ్లే దారి మూసుకుపోతుంది. మా ఆయన ఎక్సెల్‌లో అంతా వేసి చూపించారు. ఓపెన్‌లో ప్రవేశ రుసుం ఎక్కువ, డబ్బు దక్కేది పైనున్న కొద్దిమందికే, కిందున్న వాళ్లు కట్టింది పైవాళ్ల జేబులోకి పోతుంది. "970 వచ్చేదాకా కదలకు" అన్నారు. లెక్క తప్పని నేనూ అనను.

మార్చిలో ఒక టోర్నమెంటుకి పులిహోర కట్టుకుని నేనూ వెళ్లాను. మా వాడు ఏడు విసుర్ల తేడాతో గెలిచాడు. రెండో స్థానం వచ్చినాయన టైల్స్ వేసే పని చేస్తాడట. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో, గోళ్ల సందుల్లో సిమెంటు అలాగే ఉంది. వాళ్లావిడ నా పక్క కుర్చీలోనే కూర్చుంది. పులిహోర పెడితే కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే తింది. "మీ అబ్బాయి చేతిలో మా ఆయనకి ఇది మూడోసారి రెండో స్థానం" అని నవ్వింది. "వచ్చే ఏడు ఓపెన్‌లో ఆడతాడేమో కదా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. నాకు వెంటనే అర్థం కాలేదు.

బహుమతులిస్తుంటే వెనకనుంచి ఎవరో "శాండ్‌బ్యాగర్" అన్నారు. డిస్కులు మోసే సంచీ గురించేమో అనుకున్నాను. కార్లో అడిగితే మా వాడు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "పెద్దవాడై ఉండి చిన్నపిల్లల ఆటలో గెలిచేవాడు" అన్నాడు.

ఆ రాత్రి వాడు ఇంకో టోర్నమెంటుకి పేరిస్తుంటే పక్కన నిలబడ్డాను. ఇవ్వబోయే ముందు ఒక పట్టిక తెరిచి కిందికీ పైకీ చూస్తున్నాడు. "ఏంట్రా అది?" అంటే, ఎవరెవరు పేర్లిచ్చారో చూసుకుంటున్నాడట. బలమైన వాడు ఎవరైనా ఉంటే ఆ వారం మానేసి ఇంకోటి వెతుక్కుంటాడట. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

ఇక్కడి తెలుగువాళ్ల సంక్రాంతి ముగ్గుల పోటీలో వరసగా మూడేళ్లు నాదే మొదటి బహుమతి. నాలుగో ఏడు నిర్వాహకులు ఫోన్ చేసి, "ఈసారి మీరు జడ్జిగా కూర్చోండి అక్కా" అన్నారు. నన్ను పక్కకి తోసేస్తున్నారని ఉడికిపోయాను. ఎవరెవరు వేస్తున్నారో మెల్లగా ఆరా తీసి, గెలుస్తానని నమ్మకం కుదిరాక పోటీకే వెళ్లాను. గెలిచాను కూడా, ప్రెషర్ కుక్కర్. రెండో స్థానం వచ్చిన అమ్మాయికి పెళ్లయి ఆర్నెల్లు, వీసా వల్ల ఉద్యోగం లేదు, ఊళ్లో ఎవరూ తెలియదు. ఆ పిల్ల పెట్టిన ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు నాకన్నా బాగుందని నా కళ్లకే తెలుసు. ఆ మరుసటేడు ఆ పిల్ల రాలేదు. కుక్కర్ ఇంకా డబ్బా విప్పలేదు.

ఈ సంగతి వాడికి చెప్పాను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నాను.

"ఆముదం అంటే?"

"క్యాస్టర్. నీ చిన్నప్పుడు నాయనమ్మ తాగిస్తే కక్కావే, అది."

"ఓపెన్‌కి వెళ్తే ఆఖరున వస్తానమ్మా" అన్నాడు. అసలు సంగతి అదీ. ఎక్సెల్ అంతా వాళ్ల నాన్నది, భయం మాత్రం వీడిది. గెలవడం మొదలయ్యాక రోజూ పెరట్లో ఆ గొలుసుల గలగల వినపడటం మానేసిందని నాకప్పుడు గుర్తొచ్చింది. పది మీటర్ల నుంచి బుట్టలో వెయ్యడం ఎందుకు సాధన చెయ్యాలి, వెయ్యకపోయినా గెలుస్తుంటే?

నన్నడిగితే 970 అయినా 958 అయినా అంకె చెప్పేది కొంతే. మనకన్నా గట్టివాడు ఉన్నాడేమోనని పట్టిక చూసి పేరిచ్చే రోజొచ్చిందంటే, పైకి వెళ్లే రోజు అప్పటికే దాటిపోయినట్టు. మా ఆయనతో అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు గానీ, ఒక దారి వెతికారు. అమెచ్యూర్‌గా ఉంటూనే ఓపెన్‌లో ఆడొచ్చట, డబ్బు వస్తే వద్దనాలి, అంతే. "ఎలాగూ రాదుగా" అన్నాడు మా వాడు. ఇంట్లో ముగ్గురం నవ్వుకున్నది చాలా రోజుల తర్వాత అప్పుడే.

మే నెలలో వెళ్లాడు. ఇరవై ఆరు మందిలో ఇరవై మూడు. మొదటివాడికీ వీడికీ రెండు రౌండ్లలో పద్నాలుగు విసుర్ల తేడా. నేను వెళ్లలేదు, రావద్దన్నాడు. రాత్రి వచ్చి మూడు చపాతీలు మాట్లాడకుండా తిన్నాడు. నాలుగోది వడ్డిస్తుంటే ఫోన్ ముందుకి తోశాడు. ఆ టైల్స్ ఆయన అడ్వాన్స్‌డ్‌లో గెలిచాడు. భుజమ్మీద కూతురు, చేతిలో కప్పు. కింద "నువ్వు లేవుగా, థాంక్స్" అని రాసి పంపాడు.

"వెక్కిరిస్తున్నాడా?" అన్నాను.

"లేదమ్మా, నిజంగానే."

వెంటనే మళ్లీ, "వాళ్లు అడవిలో చెట్ల మధ్య నుంచి వేస్తుంటే చూడాలమ్మా, నా చెయ్యి అలా తిరగనే తిరగదు" అని మొదలుపెట్టి, పెరుగన్నం చల్లారి నీళ్లు తేలేదాకా ఆపలేదు. జూన్‌లో ఇంకోదానికి పేరిచ్చాడు. పట్టిక చూశావా అని నేను అడగలేదు.

ఇప్పుడు రాత్రి పది. పెరట్లో గలగల. పక్కింటాయన ఇప్పటికే ఒకసారి లైటు వేసి చూశాడు. వెళ్లి లోపలికి పిలవాలి.