పద్యం పూర్తయ్యేదాకా

మా ఇంటి వెనక గదిలో, బీరువా పక్కన, నాలుగు ఇటికలు పేర్చినంత నల్లని పెట్టె ఒకటి ఉన్నది. దాన్ని సర్వరు అంటారు. పేరు గొప్పదేగాని పెట్టె చిన్నది. లోపల రెండు హార్డు డిస్కులు. ఒకదానిమీద ఏది రాస్తే రెండోదానిమీద కూడా అదే రాసుకుంటుంది. పిల్లల పెళ్ళి ఫోటోలూ, ఇంటి దస్తావేజుల నకళ్ళూ అన్నీ అందులోనే దాచుకున్నాం. వాటన్నిటికన్నా విలువైనవి మా నాన్నగారి పన్నెండు కాసెట్లు.

నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. 1984లో మా మేనమామ ఎక్కడినించో ఒక టేపురికార్డరు పట్టుకొస్తే, సాయంత్రాలు దాని ముందు కూచుని పద్యాలు చదివేవారు. ఆయన 2011లో పోయారు. కాసెట్లు బూజు పట్టకముందే వాటిని కంప్యూటరులోకి ఎక్కించి ఈ పెట్టెలో భద్రం చేశాను. అది మొదలు మా అమ్మ రోజూ భోజనమయ్యాక టీవీ ముందు కూచుని ఓ అరగంట వాటిని వింటుంది.

పద్యాలకోసమే వింటోందని చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఏడో కాసెట్టులో ఒకచోట నాన్నగారు మంచి రాగం మీద ఉండగా, వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడుతుంది: “ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది!” ఆయన ఆపి, “వస్తున్నానుండవే! ఈ పద్యం కాస్తా పూర్తికానీ” అని మళ్ళీ ఎత్తుకుంటారు. ఆ ఒక్క ముక్క కోసం అమ్మ కాసెట్టంతా వింటుంది.

ఇక కథలోకి వస్తాను. 2024 ఏప్రిల్‌లో ఒకనాటి ఉదయం చూద్దును కదా, సర్వరు ఫిర్యాదు చేస్తోంది. ‘నన్ను కిందటిసారి సక్రమంగా మూయలేదు, రెండు డిస్కులూ సరిపోల్చుకుంటున్నాను’ అని దాని భావం. ఆ సరిపోల్చుకోవడానికి ఏడెనిమిది గంటలు పట్టింది. పోనీలే అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే వరస. ఆ తరవాత మరోసారి.

నాకు అమ్మమీద అనుమానం వచ్చింది. కారణం లేకపోలేదు. పడుకోబోయేముందు ఇల్లంతా తిరిగి, అక్కర్లేని స్విచ్చులన్నీ కట్టేయడం ఆవిడకి యాభై ఏళ్ళ అలవాటు.

“అమ్మా, నీకు పుణ్యముంటుంది, వెనకగది స్విచ్చి జోలికి వెళ్ళకు!” అన్నాను కాస్త కటువుగానే.

“నేను ముట్టుకోలేదురా” అన్నది.

“మరి దయ్యాలు కట్టేస్తున్నాయా?”

అమ్మ మారు మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం టీవీ ముందు కూచోలేదు. అదేమంటే, “కళ్ళు లాగుతున్నాయిరా” అన్నది. వినడానికి కళ్ళతో పనేమిటో నాకు తట్టలేదు. రాత్రి మా ఆవిడే చెప్పింది, “అత్తయ్యగారు నొచ్చుకున్నారండీ. మీరు రుజువు లేకుండా అన్నారు” అని.

రుజువు! ముప్ఫయ్యారేళ్ళు బ్యాంకులో లెక్కలు సరిచూసి రిటైరైనవాణ్ణి. ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడే పరిశోధన మొదలుపెట్టాను.

ఇక్కడ రెండు ముక్కలు విన్నవించుకోవాలి. ఫాను ఆపినట్టు సర్వరుని ఆపకూడదు. మనం ఇచ్చినదంతా అది ఎప్పటికప్పుడు డిస్కుమీద రాసెయ్యదు. కొంత తన జ్ఞాపకంలో ఉంచుకుని, కాస్త ఆగి రాస్తుంది. మూసుకోమని చెబితే, మిగిలినదంతా రాసి, చిట్టా మూసి, ఆ తరవాత ఆగుతుంది. దానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. మీట తట్టి వదిలితే చాలు. లాంపు ఆరలేదు గదా అని విసుగెత్తి మీటని అల్లాగే నొక్కి పట్టుకుంటే, అది పీక నొక్కడమే అవుతుంది. హఠాత్తుగా కరెంటు పోయినా అంతే. జ్ఞాపకంలో ఉన్నది జ్ఞాపకంలోనే పోతుంది. కరెంటు రాగానే తనంతట తాను లేచేలా దానికి ఏర్పాటు ఉన్నది కనక, తెల్లారేసరికి ఏమీ జరగనట్టే వెలుగుతూ కనిపిస్తుంది.

మొదట వేడిమీద అనుమానపడ్డాను. మా ఊరు గోదావరి ఒడ్డునే ఉన్నా ఎండలకి లోటులేదు. మూత తీసి, ఫానుకి పట్టిన దుమ్ము మెత్తని బ్రష్షుతో దులిపాను. డిస్కుల వేడి చూస్తే నలభై డిగ్రీలు దాటలేదు. నేరం వేడిది కాదు.

తరవాత సర్వరు రాసుకునే డైరీ తెరిచాను. దాన్ని లాగ్ అంటారు. ఎప్పుడు లేచిందీ, ఎప్పుడు ఏం చేసిందీ నిమిషాలతో సహా ఉంటుంది. మూడుసార్లూ అది తెగిపోయిన వేళలు కాగితంమీద రాసుకున్నాను. మూడూ అర్ధరాత్రి దాటాకే. ఒకటి ఏప్రిల్ 17, రాత్రి 2 గంటల 14 నిమిషాలకి. అమ్మ స్విచ్చులు కట్టేసేది తొమ్మిదిన్నరకి!

కాగితం చేతపట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ గోడకి తిథుల క్యాలెండరు ఉన్నది. పాల ప్యాకెట్లూ, గ్యాసుబండ వచ్చిన రోజూ, చాకలి పద్దూ అన్నీ అమ్మ అందులోనే పెన్సిలుతో రాస్తుంది. 17వ తేదీ గడిలో చిన్న అక్షరాలు: ‘రా. 2¼ కరెంటు పోయె. 3కి వచ్చె.’ అమ్మకి నిద్ర తక్కువ. మిగిలిన రెండు తేదీలూ చూశాను. రెంటిలోనూ అదే రాత. నేను రుజువు లేకుండా తప్పుపట్టిన మనిషే నాకు రుజువు రాసిపెట్టింది.

మరి కరెంటు పోతే ఆదుకోవలసిన యూపీఎస్ ఏం చేస్తున్నట్టు? మా ఇన్వర్టరు ముందుగదుల ఫాన్లకీ దీపాలకీ మాత్రమే. సర్వరుకి విడిగా చిన్న యూపీఎస్ 2020లో కొని పెట్టాను. దానికీ సర్వరుకీ మధ్య సన్నని యూఎస్‌బీ తీగ ఉంటుంది. ‘కరెంటు పోయింది, సర్దుకో’ అనే కబురు అందులోంచే వెళుతుంది. తీగ బిగువుగానే ఉన్నది. పచ్చదీపం వెలుగుతోంది. బ్యాటరీ ఎంత ఉన్నదని అడిగితే నూటికి నూరు అంటోంది.

వీధిచివర బ్యాటరీల కొట్టతను విని నవ్వాడు. “అడిగితే ఎప్పుడూ నిండుగానే ఉన్నానంటుందండీ. పనిమీద పెట్టి చూడాలి” అన్నాడు.

అతను చెప్పినట్టే సర్వరుని పద్ధతిగా మూసి, దాని చోట యూపీఎస్‌కి నలభై వాట్ల పాత బల్బున్న టేబిలు లైటు తగిలించి, గోడ స్విచ్చి కట్టేశాను. పది అంకెలు లెక్కపెట్టకముందే దీపం ఆరిపోయింది. దొంగ దొరికింది!

ఆ సీసపు బ్యాటరీలు మూడు నించి అయిదేళ్ళు పనిచేస్తాయి. వేడిచోట ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. ముసలిదైనాక కూడా నిండుగా ఉన్నట్టే కనిపించి, బరువు పడగానే కుప్పకూలుతుంది. పైగా, ‘బ్యాటరీ బాగా తగ్గాక మూసుకో’ అని సర్వరుకి చెప్పిపెట్టినవాణ్ణి నేనే. తగ్గుతున్నానని చెప్పే వ్యవధి లేకుండానే అది చచ్చిపోతూంటే, పాపం సర్వరేం చేస్తుంది?

సుమారు వెయ్యి రూపాయలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించాను. పాతది సీసం కనక చెత్తలో పారెయ్యకుండా కొట్టతనికే ఇచ్చాను. కరెంటు పోయిన రెండు నిమిషాలకే మూసుకోమని ఆజ్ఞ మార్చాను. ఇంకోపని కూడా చేశాను. రెండు డిస్కులున్నా, ఒకదానిలో పొరపాటున చెరిపితే రెండోదానిలోనూ చెరిగిపోతుంది. అందుకని కాసెట్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి మా చెల్లెలింట్లో ఉంచాను.

అప్పుడు అమ్మ దగ్గిరికి వెళ్ళి క్యాలెండరు చూపించాను. “తప్పు నాదేనమ్మా” అన్నాను. జరిగిందంతా చెప్పాను. అమ్మ శ్రద్ధగా విన్నది.

“అయితే, మూసుకోడానికి దానికి ఒక్క నిమిషం కావాలి. అంతేగా?” అన్నది.

“అంతే.”

“మీ నాన్నగారూ అంతే. పద్యం పూర్తికానిదే లేచేవారు కాదు.” కాసేపు ఆగి, “ఆఖర్న మాత్రం ఆయనకి ఆ వ్యవధి దొరకలేదురా” అన్నది.

నేను ఏమీ అనలేకపోయాను. నాన్నగారు గుండెపోటుతో పది నిమిషాల్లో పోయారు.

“కళ్ళు ఎల్లా ఉన్నాయమ్మా?” అన్నాను, కొంతసేపయ్యాక.

“నాకేం, బాగానే ఉన్నాను” అన్నది.

బ్యాటరీల కొట్టతని మాట గుర్తొచ్చింది. మర్నాడే అమ్మని కళ్ళ డాక్టరు దగ్గిరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు మార్చవలసి ఉన్నది.

ఇప్పుడు ప్రతినెలా మొదటి తారీకున మా ఇంట్లో దీపం పరీక్ష జరుగుతుంది. నేను లైటు తగిలిస్తాను. అమ్మ స్వయంగా గోడ స్విచ్చి కట్టేసి, గడియారం చూస్తూ కూచుంటుంది. పావుగంట అయ్యాక లేచివెళ్ళి, క్యాలెండరు గడిలో పాల లెక్క కింద పెన్సిలుతో రాస్తుంది: ‘దీపం — బాగానే వెలిగె.’