చూపు కోసం ప్రయాణం

పిల్లలూ, ఈ నెల మనం రావికమతం నుంచి ఒక ప్రయాణం చేద్దాం. మూటాముల్లె పెద్దగా అక్కరలేదు. రెండు కళ్ళు ఉంటే చాలు. ఎందుకంటే ఈ ప్రయాణం కళ్ళ కోసమే.

రావికమతం ఎక్కడ ఉన్నదంటారా? తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంది. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే రోడ్డు ఈ ఊరి మీదుగానే పోతుంది. కళ్యాణపులోవ జలాశయం ఈ మండలంలోదే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చుట్టుపక్కల వరి చేలు, చెరుకు తోటలు ఉంటవి. దూరంగా కొండలు నీలంగా కనిపిస్తవి.

అయితే ఆ కొండలు అందరికీ కనిపించవు. ఊరి రచ్చబండ మీద కూర్చున్న ముసలివాళ్ళను అడిగి చూడండి. "ఏం కొండలు నాయనా! నాకు చూపు ఆనటం లేదు. ఎదుట నిలబడ్డ మనిషే పొగలో ఉన్నట్టున్నాడు," అని ఎవరో ఒకరు తప్పక అంటారు. దీనికి కారణం చాలామందిలో శుక్లాలు, అంటే కంటికి పొర కమ్మటం.

నిజానికి అది పైనుంచి వచ్చి కమ్మే పొర కాదు. కంటి నల్లగుడ్డు వెనక పప్పుగింజ ఆకారంలో ఒక కటకం ఉంటుంది. అది గాజులాగా స్వచ్ఛంగా ఉండి, వెలుతురును లోపలి తెర మీద పడేటట్టు చేస్తుంది. వయసు మీరిన కొద్దీ ఆ కటకం తెల్లబారుతుంది. కోడిగుడ్డులోని తెల్లసొన మొదట నీళ్ళలాగా ఉండి, ఉడికితే తెల్లగా అవుతుంది గదా, సుమారుగా అలాగే. ఏళ్ళ తరబడి ఎండలో పనిచెయ్యటం, పొగ తాగటం, మధుమేహం కూడా దీన్ని త్వరపెడతవి.

మీకు ఇది అర్థం కావాలంటే ఒక చిన్న పని చెయ్యండి. ఒక తెల్లకాగితానికి నూనె రాసి, కళ్ళకు అడ్డంగా పెట్టుకుని మీ ఇంట్లో వాళ్ళను చూడండి. వెలుతురు తెలుస్తుంది, మనిషి నిలబడ్డట్టు తెలుస్తుంది. కాని అమ్మో, అత్తో తెలియదు. మీరు రెండు నిమిషాల్లో ఆ కాగితం తీసి పారెయ్యగలరు. ఆ ముసలివాళ్ళు తియ్యలేరు.

ఇక బయలుదేరుదాం. రావికమతంలో బస్సు ఎక్కితే వడ్డాది, చోడవరం దాటి అనకాపల్లి చేరతాం. అక్కడి బెల్లం మార్కెట్టు దేశంలో పేరుపొందినది. అనకాపల్లిలో రైలు ఎక్కుదాం. విశాఖపట్నం స్టేషనులో ఒక తమాషా జరుగుతుంది. అక్కడ ఆగిన రైలుకు వెనకవైపున ఇంజను తగిలిస్తారు. అందాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు అక్కడినుంచి వెనక్కు పోతున్నట్టవుతుంది! తరవాత విజయనగరం వస్తుంది. నాగావళి, వంశధార నదుల వంతెనలు దాటుతాం. జీడిపప్పుకు పేరుమోసిన పలాస వస్తుంది. ఇంకా కొంత దూరం పోతే కొబ్బరి తోటల మధ్య సోంపేట. అది శ్రీకాకుళం జిల్లాలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరలో ఉంది.

ఇంత దూరం ఎందుకు వచ్చామంటే, చూపు కోసం ప్రపంచంలో జరిగిన ఒక పెద్ద పనికి ఈ చిన్న ఊళ్ళో నాటు పడింది.

కెనడా దేశపు బాప్టిస్టు చర్చివారు 1874లో కాకినాడ వచ్చి, మన తీరం పొడుగునా బడులూ, ఆసుపత్రులూ పెట్టారు. సోంపేటలోని ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి అటువంటిదే. 1960 ప్రాంతాల అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ అనే ఆయన పనిచేసేవారు. చూపు పోయినవాళ్ళు ఊళ్ళనుంచి ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చేవాళ్ళు. చెయ్యవలసిన పని తెలుసు, చేసే చెయ్యి ఉంది. చాలనిది డబ్బు.

కెనడాలో కాల్గరీ అనే నగరం ఉంది. మనకు ఉదయం ఆరు గంటలైతే, చలికాలంలో అక్కడ ముందురోజు సాయంత్రం అయిదున్నర. ఆ ఊళ్ళో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి, గల్లిసన్ చెప్పిన మాటలు విని ఊరుకోలేకపోయాడు. 1963లో ఆయన పూనుకోగా "ఆపరేషన్ ఐసైట్" అనే సంస్థ పుట్టింది. సోంపేట ఎక్కడుందో కూడా తెలియనివాళ్ళు అక్కడ డబ్బు కూడబెట్టి పంపితే, ఇక్కడ ఎవరో ముసలమ్మ తన మనమణ్ణి మొదటిసారి చూసుకునేది. తరవాత ఆ సంస్థ ఆసియాలోనూ, ఆఫ్రికాలోనూ ఇంకా కొన్ని దేశాలకు వ్యాపించింది.

ఇప్పుడు మీరొక ప్రశ్న వెయ్యవచ్చు. "డబ్బు పంపటం దేనికి? డాక్టర్లే వచ్చి ఆపరేషన్లు చేసి పోవచ్చు గదా!" అని.

అలా వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. చాలా దేశాల్లో చర్చివారు చిన్న చిన్న బృందాలుగా, రెండు వారాలకో నెలకో సెలవు పెట్టి, సొంత ఖర్చు మీద పేద దేశాలకు పోతారు. అందులో డాక్టర్లు, నర్సులే గాక, గోడ కట్టేవాళ్ళు, వంటచేసేవాళ్ళు, కళ్ళజోళ్ళ పెట్టెలు మోసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళది మంచి మనసే. కాని మంచి మనసు ఒక్కటే చాలదు.

మొదటి చిక్కు భాష. మన అవ్వ డాక్టరుతో, "కళ్ళు తిరుగుతున్నవి బాబూ," అంటుంది. ఆ మాటను ఉన్నదున్నట్టు తర్జుమా చేస్తే, పరదేశపు డాక్టరు ఆమె కనుగుడ్లు ఎటు తిరుగుతున్నవో చూడబోతాడు! అవ్వకు వచ్చింది తల తిప్పు. పక్కన తెలుగు నర్సు లేకపోతే ఎంత పెద్ద డాక్టరైనా ఏం చేస్తాడు?

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆ రోజుల్లో ఆపరేషను చేసి తెల్లబారిన కటకాన్ని తీసేసేవాళ్ళు. రోగి కట్టు కట్టించుకుని, తల కదపకుండా కొన్ని రోజులు పడుకోవాలి. కటకం లేని కంటికి చూపు ఆనాలంటే సీసా అడుగు అంత మందం అద్దాల కళ్ళజోడు కావాలి. ఒకనాడు గట్టు మీద కాలు జారి ఆ జోడు పగిలిందనుకోండి, ఆ మనిషికి మళ్ళీ అంతా మసకే. రెండు వారాలకు వచ్చిన డాక్టరు అప్పటికి తన దేశంలో ఉంటాడు. మరి జోడు ఎవరిస్తారు? కన్ను ఎర్రబడితే ఎవరు చూస్తారు? అందుకే ఆపరేషను అయిన తరవాత కూడా కనిపెట్టి ఉండే ఆసుపత్రీ, ఆ ఊరి భాష మాట్లాడే మనుషులూ కావాలి. వచ్చిపోయే బృందం అలాంటి ఆసుపత్రికి చేదోడుగా నిలిస్తే, అక్కడివాళ్ళకు తనకు తెలిసిన పని నేర్పితే, ఆ రెండు వారాలు ఏళ్ళ తరబడి ఉపయోగపడతవి.

లావు అద్దాల బెడద ఎలా పోయిందో కూడా వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దం పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నవి. ఆ ముక్కల వల్ల కన్ను పాడు కాకపోవటం హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లీషు డాక్టరు గమనించారు. "అయితే ఆ పదార్థంతోనే కటకం చేసి కంట్లో పెడితే?" అనుకున్నారు. 1949 నవంబరు 29న లండనులో ఆ పని చేశారు. ఇవాళ శుక్లాల ఆపరేషనులో పాత కటకం తీసి అలాంటి కొత్త కటకం పెడుతున్నారు. చాలామంది అదే రోజు గాని, మర్నాడు గాని ఇల్లు చేరతారు. కొన్ని వారాలు చుక్కల మందు వేసుకుంటే సరి.

ఇప్పుడు మనవాళ్ళే ఈ విద్యలో ఆరితేరారు. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మదురైలో 11 మంచాలతో అరవింద్ ఆసుపత్రి ప్రారంభించారు. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పెట్టారు. దాని శాఖ విశాఖపట్నంలోనూ ఉంది. కనక రావికమతం అవ్వ చూపు కోసం సోంపేట దాకా పోనక్కరలేదు.

అయినా కొందరు ముసలివాళ్ళు చూపు లేకుండానే రోజులు వెళ్ళదీస్తున్నారు. ఎందుకు? భయం ఒకటి. "ఈ వయసులో నాకెందుకు?" అనుకోవటం ఒకటి. ఇంకొక కారణం, వెంట తీసుకుపోయే మనిషి లేకపోవటం. కొడుకు కూలి మానుకుంటే ఆ పూట గడవదు గదా!

ఇక్కడే మీతో పని పడుతుంది. మీ అవ్వనో తాతయ్యనో మంచి వెలుతుర్లో కూర్చోబెట్టండి. మూడు మీటర్ల దూరంలో నిలబడి, ఒక కన్ను మూయించి, మీ చేతి వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమనండి. తరవాత రెండో కన్ను. ఏ కంటితోనైనా చెప్పలేకపోతే ఆ మాట వెంటనే మీ నాన్నతో చెప్పండి. సరిగ్గా చెప్పినా చూపు మసకగా ఉందంటే డాక్టరుకు చూపించవలసిందే. ఇంకొక మాట. చేలో పనిచేసేటప్పుడు వరి ఆకో, చెరుకు ఆకో కంట్లో గీసుకుంటే పసరు పొయ్యనివ్వకండి. పుండు పడి చూపు పోవచ్చు. తిన్నగా ఆసుపత్రికి తీసుకుపొమ్మనండి.

కాల్గరీ నుంచి పంపినవాళ్ళు తమ వంతు పంపారు. సోంపేటలో పనిచేసినవాళ్ళు తమ వంతు చేశారు. మీ ఇంటి గుమ్మం నుంచి బస్సు దాకా అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించే పని మీది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె మీ చెయ్యి వదిలి తనంతట తానే నడుస్తుంది. అప్పుడు ఆ కొండలు ఏ రంగులో ఉన్నవో అడగండి. ఆమే చెబుతుంది.