ఇంజన్ పోయిన పోర్షేకి ఎంత ఇవ్వచ్చు?

"ఇంజనంటే కారులో సగం రా. నడిచే బండి 13,000 డాలర్లయితే ఇది 6,500. ఇంకా ఆలోచిస్తావేంటి, తీసుకో!"

టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంట్లో, భోజనాల దగ్గర, నలుగురి ముందూ మా బావ అన్న మాట ఇది. అమ్మేవాడు అడిగిందీ సరిగ్గా 6,500. నేను తలూపకపోయేసరికి "వీడికి కూరగాయలకీ ఎక్సెల్ షీటే" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఆ షీటులో ఏముందో ఇక్కడ రాస్తున్నాను.

కారు 1987 నాటి పోర్షే 944. 1982 నుంచి 1991 దాకా తయారైన ఈ మోడల్ మీద నాకు కాలేజీ రోజుల నుంచీ మోజు. ఇంజన్ ముందు, గేర్‌బాక్స్ వెనక ఉండటంతో బరువు రెండు ఇరుసుల మీదా దాదాపు సమంగా పడుతుంది. బాడీకి జింకు పూత ఉంది కాబట్టి ఇన్నేళ్లయినా తుప్పు బెడద తక్కువ. కానీ ఇంజన్ ప్రాణమంతా టైమింగ్ బెల్ట్ మీదే. అది తెగితే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వులను గుద్దేస్తాయి. ఎన్నో ఏళ్లుగా బెల్ట్ మార్చని ఈ కారుకి జరిగిందదే.

ధర మాట్లాడే ముందు ఇంజన్ ఎంతవరకు పోయిందో తేల్చుకోవాలి. మెకానిక్‌ని తీసుకెళ్లి, స్పార్క్ ప్లగ్గులు విప్పించి, సన్నని కెమెరా లోపలికి దింపించాను. పిస్టన్ తల మీద వాల్వు తగిలినచోట నెలవంకలా ఒక గీత కనపడింది. సిలిండర్లోకి గాలి పంపితే ఎగ్జాస్ట్‌లోంచి బుస్సుమని వచ్చేసింది. ఆయిల్ మూత తీసి చెవి పెడితే చప్పుడు దాదాపు లేదు. అంటే వాల్వులు వంగాయి, పిస్టన్ రింగులు బాగానే ఉన్నాయి. చేయించాల్సింది సిలిండర్ హెడ్ పని, మొత్తం ఇంజన్ పని కాదు.

ఇక లెక్క. కొత్త వాల్వులు, మెషిన్ షాపు పని, గ్యాస్కెట్లు కలిపి 1,900. బెల్టులు, రోలర్లు, వాటర్ పంపు 900. కూలి 2,600. ఏళ్ల తరబడి కదలని బండి కాబట్టి టైర్లు, పెట్రోలు గొట్టాలు, బ్రేకులు, బ్యాటరీకి 1,750. టోయింగుకీ తనిఖీకీ 350. మొత్తం 7,500. విప్పాక బయటపడే వాటి కోసం దాని మీద 20 శాతం, అంటే 1,500 కలిపితే 9,000. నడిచే కారు ధర 13,000 లోంచి తీసేస్తే మిగిలింది 4,000.

ఆ 4,000 ఇచ్చి కొన్నా నాకు మిగిలేది సున్నా. 13,000 పెట్టి నడిచే కారే తెచ్చుకోవచ్చుగా? నా శని, ఆదివారాలకీ, మోసే రిస్కుకీ ఒక విలువ ఉండాలి. దానికి 1,000 తగ్గించి 3,000 దగ్గర గీత గీశాను. మరోవైపు గేర్‌బాక్స్, చక్రాలు, సీట్లు, వెనక గాజు తలుపు విడివిడిగా అమ్మినా 2,400 వస్తాయి. అంతకన్నా తక్కువకి అమ్మేవాడు ఇస్తాడని నేననుకోలేదు. టైటిల్ క్లీన్‌గా ఉంది కాబట్టి ఈ లెక్క నిలబడింది. భారీగా దెబ్బతిన్న బండని నమోదైన సాల్వేజ్ టైటిలైతే మొదటి అంకె 13,000 కాదు.

బేరం 3,000కే తెగింది. టెక్సస్ అమ్మకం పన్ను 6.25 శాతం, 187.50. పనులన్నీ కలిపి చివరికి 8,100 అయ్యాయి. మొత్తం 11,287.50. బావ చెప్పిన ధరకి కొనుంటే 6,500, పన్ను 406.25, పనులకు అదే 8,100, వెరసి 15,006.25. నడిచే కారుకీ పన్ను కలిపి చూసినా దానికన్నా దాదాపు 1,200 ఎక్కువ! ఇదంతా చూపిస్తే "నీ అదృష్టం" అన్నాడు తప్ప లెక్క ఒప్పుకోలేదు. అదృష్టం కాదు. బావ భాగహారం చేశాడు, నేను తీసివేత చేశాను. కారు చవకైనంత మాత్రాన మెషిన్ షాపు కూలి తగ్గదు. పోయిన భాగం కారులో ఎన్నో వంతు అన్నది కాదు, దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఎంతవుతుందన్నదే ధర తేలుస్తుంది.

కారుకే కాదు, హైదరాబాద్‌లో పిల్లర్ల దశలో ఆగిపోయిన ఇల్లు "సగం రేటుకే" అని ఎవరైనా అంటే నేనిప్పుడూ ఇదే లెక్క వేస్తాను. పూర్తయ్యాక దాని విలువెంత, పూర్తి చేయడానికి ఎంత, అంచనా తప్పితే ఎంత, నా కష్టానికెంత? మొదటి దాంట్లోంచి మిగతా మూడూ తీసేశాక మిగిలిందే నేనివ్వగలిగిన ధర. సలహా చెప్పినవాళ్ల జేబులోంచి ఒక్క రూపాయీ పోదు కాబట్టి వాళ్లకి సగం లెక్క సరిపోతుంది. డబ్బు కట్టేవాళ్లు పూర్తి లెక్క వేసుకోవాల్సిందే, నలుగురూ నవ్వినా సరే.