అమ్మకి శనివారం, నాన్నకి శుక్రవారం

మెయిన్ ఫంక్షన్‌కి ఆర్గ్‌సీ, ఆర్గ్‌వీ వస్తాయని మనందరం ల్యాబ్‌లో చదివాం. వాటితో పాటు, మనం అడక్కపోయినా, ప్రతి సి ప్రోగ్రాం చేతికీ ఇంకో మూట వస్తుంది. దాని పేరు ఎన్విరాన్‌మెంట్. అందులో ఉండేవన్నీ "పేరు=విలువ" తరహా స్ట్రింగులే: హోమ్, పాత్, ల్యాంగ్, టీజెడ్ వగైరా. ఏ షెల్ నుంచి ప్రోగ్రాం పుట్టిందో, ఆ షెల్ ఎక్స్‌పోర్ట్ చేసినవాటి నకలు అన్నమాట. ఒకే ప్రోగ్రాం రెండు చోట్ల రెండు జవాబులు చెప్పిందంటే, చాలాసార్లు కారణం ఈ మూటలోనే దొరుకుతుంది.

ఇది నాకు సిలబస్‌లో కంటే అమ్మ మొక్కులో బాగా అర్థమైంది. మాది రాజోలు. నాన్న కువైట్‌లో పని చేస్తారు. ఈ ఏడాదైనా ఆయన వచ్చెయ్యాలని అమ్మ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది. ఆత్రేయపురం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ గుడికి వరసగా ఏడు శనివారాలు వెళ్లి, వెళ్లినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చెయ్యడం ఆనవాయితీ. మొదటి తేదీ ఇస్తే ఈ రోజు ఏ వారమో, ఇంకా ఎన్ని శనివారాలు మిగిలాయో చెప్పే చిన్న ప్రోగ్రాం రాశాను. అవుట్‌పుట్‌లో వారం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది.

"ఇందులో శనివారం ఏదిరా నాన్నా?" అంది అమ్మ.

వారాల పేర్లు తెలుగులో నేను టైప్ చెయ్యక్కర్లేదు. లినక్స్‌లో తెలుగు లోకేల్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఆదివారం నుంచి శనివారం దాకా అన్నీ అందులోనే ఉంటాయి. సెట్‌లోకేల్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే, వారాల పేర్ల కోసం అది ఎన్విరాన్‌మెంట్‌లో ముందు ఎల్‌సీ_ఆల్, తర్వాత ఎల్‌సీ_టైమ్, చివరికి ల్యాంగ్ చూస్తుంది. అసలు సెట్‌లోకేల్ పిలవకపోతే ఎప్పటికీ ఇంగ్లీషే.

చదవడానికి గెటెన్వ్, మార్చడానికి సెటెన్వ్. సెటెన్వ్‌కి మూడో ఆర్గ్యుమెంట్ ఒకటుంది. అక్కడ 0 ఇస్తే, ముందే విలువ ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లదు. 1 ఇస్తే పాతది చెరిపేసి కొత్తది రాస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో ల్యాంగ్ ఇంగ్లీషని ముందే ఉంది కాబట్టి 0 పెడితే తెలుగుకి చోటే లేదు. అలాగని 1 పెట్టి ల్యాంగ్ మొత్తం చెరిపెయ్యాలనీ అనిపించలేదు. ఎల్‌సీ_టైమ్‌ని మాత్రం ఎవరూ పెట్టలేదు. దానికి తెలుగు విలువ ఇచ్చి, మూడో ఆర్గ్యుమెంట్ 0 పెట్టి, ఆ తర్వాత సెట్‌లోకేల్ పిలిచాను. శనివారం వచ్చింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన నా లెక్కా ఇంతే: ల్యాంగ్ ఇంగ్లీషు, ఎల్‌సీ_టైమ్ తెలుగు. ఒకటి ఉండాలంటే రెండోది చెరిపెయ్యక్కర్లేదు.

తర్వాత ఇంకో వరస కలిపాను. టీజెడ్‌కి "ఆసియా/కువైట్" అని 1తో పెట్టి, టీజెడ్‌సెట్ పిలిచి, మళ్లీ లోకల్‌టైమ్ అడిగాను. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. శనివారం రాత్రి 2 గంటలకి అమ్మ లేచి తలస్నానానికి నీళ్లు పెట్టుకుంటుంటే, స్క్రీన్ మీద పై వరసలో శనివారం, కింది వరసలో శుక్రవారం 11:30. టైమ్ ఫంక్షన్ ఇచ్చిన అంకె మాత్రం రెండింటికీ ఒకటే: 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. ఇంట్లో ఇద్దరూ ఉన్న క్షణం ఒకటే, వారాలే వేరు.

వాడేవాళ్లకి రెండు జాగ్రత్తలు. పేరు లేకపోతే గెటెన్వ్ నల్ ఇస్తుంది, చూసుకోకుండా ప్రింట్ చేస్తే ప్రోగ్రాం పడిపోవచ్చు. అది ఇచ్చిన స్ట్రింగ్‌ని నేరుగా దిద్దకూడదు. తర్వాత కావాలంటే కాపీ చేసుకోవాలి.

ఇంకోటి అన్నిటికంటే ముఖ్యం. సెటెన్వ్‌తో మార్చింది ఆ ప్రాసెస్‌కీ, ఆ తర్వాత దానికి పుట్టే పిల్లలకీ మాత్రమే. ప్రోగ్రాం అయిపోయాక షెల్‌లో చూస్తే పాత విలువే ఉంటుంది. అమలాపురం కాలవలో ఎంత బెల్లం కలిపినా ధవళేశ్వరం దగ్గర నీళ్లు తియ్యబడవు కదా! పిల్ల ప్రాసెస్ తల్లి ఎన్విరాన్‌మెంట్‌ని మార్చలేదు. నేను టీజెడ్ ఎన్నిసార్లు మార్చినా నాన్న గదిలో గడియారం కదలదు. కానీ ఆయన రోజు ఎక్కడిదాకా వచ్చిందో నా దగ్గర కూర్చుని చూడగలను.

ఇప్పటికి మూడు శనివారాలయ్యాయి. ప్రోగ్రాం "ఇంకా 4" అంటోంది. అమ్మ ముందు కింది వరసే చదువుతుంది. అక్కడ కూడా శనివారం వచ్చాకే నాన్నకి ఫోన్ చేస్తుంది.