బిస్కెట్టు గని

అమెరికా బడుల్లో ఒక ఆట ఆడిస్తారు. ఒక్కో పిల్లవాడి చేతిలో 19 డాలర్ల ఉత్తుత్తి డబ్బు పెడతారు. ఆ డబ్బుతో వాడు చాక్లెట్ ముక్కలు పొదిగిన బిస్కెట్టు ఒకటి కొనుక్కోవాలి. ఇక అదే వాడి గని. దాన్ని గళ్ల కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీస్తారు. తవ్వడానికి పళ్లు కుట్టుకునే పుల్లలు, పేపర్ క్లిప్పులు ఉంటాయి, అవీ కొనుక్కోవాల్సిందే. చేత్తో ముట్టుకోకూడదు. తవ్వుతున్నంతసేపూ నిమిషానికింత అని ఖర్చు పడుతుంది. బయటికి తీసిన ఒక్కో చాక్లెట్ ముక్కకూ ఆదాయం వస్తుంది. అసలు మెలిక చివర్లో ఉంది. టైమయ్యాక, రాలిపడిన పొడినంతా మళ్లీ ఆ పుల్లలతోనే గీత లోపలికి చేర్చాలి. గీత బయట ఎన్ని గళ్లలో పొడి మిగిలితే అంత జరిమానా. అది పోగా మిగిలిందే లాభం. కొందరికి ఏమీ మిగలదట.

ఈ పాఠాన్ని అక్కడ విరివిగా పంచిపెట్టింది గనుల పరిశ్రమకు చెందిన విద్యా సంస్థలు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు వాళ్ల మీద కొంచెం గౌరవమే కలిగింది. తవ్విన గోతిని పూడ్చే బాధ్యత తవ్వినవాడిదే అని నాలుగో తరగతి పిల్లకు చెబుతున్నారు కదా. పెద్దవాళ్ల గనుల్లో ఆ గీత బయట ఎన్ని గళ్లు నిండిపోయి ఉన్నాయో మనందరికీ తెలిసినా, పాఠం మటుకు మంచి పాఠమే.

గనుల యజమానుల సంఘాలకు బడులతో పనేమిటి అనిపించవచ్చు. పని చాలానే ఉంది. నగరంలో పెరిగిన పిల్లలకు పాలు ప్యాకెట్లో పుడతాయి, రాగి తీగ గోడలో పుడుతుంది. గని అన్నమాట వినగానే వాళ్లకు గుర్తొచ్చేది దుమ్మూ ప్రమాదమూ తప్ప మరొకటి కాదు. రేపు వాళ్లే ఓటర్లు, వాళ్లే అధికారులు, గనికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న చర్చలో కూర్చునేదీ వాళ్లే. అందుకే పరిశ్రమ ముందుగానే తరగతి గదికి వెళుతుంది. అమెరికా బంగారంలో సింహభాగం తవ్వే నెవడా రాష్ట్రంలో గనుల సంఘం టీచర్లకు శిబిరాలు పెట్టి, గనుల దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తుంది. కెనడాలో 1932 నాటి ఖనిజాన్వేషకుల సంఘం అండతో 1994లో మొదలైన ‘మైనింగ్ మ్యాటర్స్’ అనే సంస్థ రాళ్ల పెట్టెలు, పాఠాలు తయారుచేసి బడులకు ఇస్తుంది. ఆదివాసుల ఊళ్లలో పిల్లలకు శిబిరాలు నడుపుతుంది. పొలంలో పండనిదల్లా భూమిలోంచి తీయక తప్పదన్నది ఈ ప్రచారాలన్నిటికీ పల్లవి. ఈ రోజు అమెరికాలో పుట్టిన బిడ్డకు జీవితకాలంలో సుమారు 30 లక్షల పౌండ్ల ఖనిజాలు, లోహాలు, ఇంధనాలు అవసరమవుతాయని వాళ్లు లెక్క కట్టి, ఉయ్యాల్లో పాపాయి బొమ్మ చుట్టూ ఆ అంకెలు రాసి పోస్టర్లు వేస్తారు. ఇసుక, కంకర, సున్నపురాయి, ఉప్పు, ఇనుము, రాగి, బొగ్గు, చమురు. అబద్ధమేమీ లేదు. నేను ఈ మాటలు రాస్తున్న కంప్యూటర్లోనే ఎన్ని దేశాల మట్టి ఉందో!

ఆ 30 లక్షల పౌండ్లలో మన వాటా కూడా ఒక చిటికెడు ఉంది. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి పైకి తన్నకుండా, బావిలోకి పంపే బురదను బరువెక్కిస్తారు. అందుకు ముగ్గురాయి పొడి వాడతారు. ముగ్గురాయి నెవడాలోనూ దొరుకుతుంది కానీ అమెరికాకు అది చాలదు, బయటినుంచి తెప్పించుకుంటుంది. అలా వెళ్లేవాటిలో రాయలసీమ రాయి కూడా ఉంది. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. టెక్సాస్‌లో పైకొచ్చే చమురు వెనక మంగంపేట ఉందని ఆ పోస్టరు చూసే పిల్లలకు ఎవరూ చెప్పరు. అంతకన్నా ముఖ్యం, మంగంపేట పిల్లలకైనా ఎవరైనా చెబుతున్నారా?

పరిశ్రమ చెప్పే పాఠంతో వచ్చే చిక్కు అబద్ధం కాదు. పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి తరపువాళ్లు చెప్పే మాటల్లాంటిదది. అబ్బాయికి ఉద్యోగం ఉన్నమాట నిజం, సొంత ఇల్లు ఉన్నమాటా నిజం. ఇంటిమీద అప్పు సంగతి మాత్రం మధ్యవర్తి ఎవరైనా చెవిలో వేస్తే తప్ప తెలియదు. 2011లో అమెరికాలో ఇదే జరిగింది. పిల్లల పుస్తకాలకు పేరుమోసిన స్కొలాస్టిక్ ప్రచురణ సంస్థ, బొగ్గు పరిశ్రమ డబ్బుతో నడిచే ఒక ఫౌండేషన్ కోసం నాలుగో తరగతి పాఠాల పొట్లం ఒకటి తయారుచేసి పంచింది. బొగ్గువల్ల కలిగే మేళ్లు అందులో చక్కగా ఉన్నాయి. పొగ సంగతి లేదు, గనుల దగ్గర నేలకూ నీళ్లకూ జరిగే నష్టం సంగతీ లేదు. తల్లిదండ్రుల తరపున, టీచర్ల తరపున అభ్యంతరాలు వచ్చాయి, పత్రికలు రాశాయి. ఆ ఏడాది మేలో సంస్థ ఆ పాఠాలను పంచడం మానేసింది. ఫౌండేషన్‌ను నేను పెద్దగా తప్పుపట్టను, తమ సరుకు తామే తిట్టుకునేవాళ్లు ఎక్కడా ఉండరు. తప్పు ప్రచురణకర్తది. మధ్యవర్తిగా ఉండాల్సినవాడు అబ్బాయి తరపున కూర్చున్నాడు.

మన దగ్గర గనులకూ బడికీ ఉన్న సంబంధం ఇంతకన్నా చాలా పాతది, ప్రచారం అవసరం లేనంత దగ్గరిది. మా తరం అక్షరాలు దిద్దిందే రాయి మీద రాయితో. బలపపు రాయి కర్నూలు, అనంతపురం వైపు నేలలోంచి వచ్చేది. పలక మార్కాపురం నుంచి. అక్కడి చుట్టుపక్కల గనుల్లో రాతిని పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపేవారు. మాకెవరూ ఇది ఖనిజం అని చెప్పలేదు. తడిగుడ్డతో తుడవడం, ఉమ్మితో తుడిస్తే పంతులుగారితో మొట్టికాయ తినడం, ఇదే మా భూగర్భశాస్త్రం.

పలక వెనకవైపు కథ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1987లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మికుల మీద జాతీయ విధానం ప్రకటించినప్పుడు, ముందుగా కళ్లు పెట్టాల్సిన పరిశ్రమలని కొన్నిటిని ఎంచింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మిర్జాపూర్ తివాచీలు ఉన్న ఆ జాబితాలో మార్కాపురం పలకలూ ఉన్నాయి. రాతి దుమ్ములో పలకలు తయారుచేసిన చేతుల్లో మా వయసు చేతులూ ఉన్నాయన్నమాట. మేము దిద్దుకున్న పలకలు చేసిన పిల్లలకు బడి లేదు. ఆ తర్వాత ప్రభుత్వ పథకం కింద వాళ్లకోసం ప్రత్యేక బడులు పెట్టారు. ఈలోగా రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకలను పక్కకు నెట్టాయి. ఇప్పుడు మార్కాపురం రాయి ఎక్కువగా ఇళ్ల గోడలకూ నేలకూ అలంకారంగా పోతోంది, విదేశాలకు కూడా. ఖనిజాలు మన జీవితాలకు ఎంత అవసరమో చెప్పే పోస్టరు ఏదైనా తెలుగులో వేస్తే నేను దానిమీద పాపాయి బొమ్మ వేయను. పలక వేస్తాను, రెండు పక్కలా కనబడేటట్టు.

మళ్లీ బిస్కెట్టు దగ్గరికి వస్తాను. ఆ ఆటలో కొనుగోలు ఉంది, కూలి ఉంది, పనిముట్ల ధర ఉంది, పూడ్చివేత ఉంది, జరిమానా కూడా ఉంది. ఇంత పకడ్బందీగా కట్టిన ఆటలో ఒక్కటి లేదు. బిస్కెట్టు మీద ఎవరూ కాపురం ఉండరు. దాని మీద ఇళ్లు లేవు, కాఫీ తోట లేదు, ఊటబావి లేదు, గ్రామదేవత లేదు. కనక అమ్మేవాడు ఎవరు, అమ్మే హక్కు వాడికి ఎలా వచ్చింది అన్న ప్రశ్న రాదు. ఆదివాసుల ఊళ్లలో శిబిరాలు నడిపేవాళ్లకు ఈ లోటు తెలియకపోదు. అక్కడ పిల్లలు మొదట అడిగేది ఇదే అయివుంటుందని నా ఊహ.

మన ప్రాంతంలో ఆ ప్రశ్న బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్లు అడిగాయి. అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ఆ లీజులు చెల్లవని చెప్పింది. తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. అక్కడి పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి నీటివనరులు, బడులు, ఆస్పత్రులు, పారిశుద్ధ్యం, రోడ్ల కోసం ఖర్చుపెట్టాలని. లీజుల సంగతి అందరికీ గుర్తుంది, ఈ 20 శాతం మాట అంతగా వినబడదు. నాకు మాత్రం తీర్పులో బాగా నచ్చింది అదే. గని యజమాని ఊరికి బడి కట్టిస్తే రిబ్బను, ఫోటో, శిలాఫలకం మీద పేరు, పిల్లల చేత స్వాగతగీతం ఉంటాయి. అదే బడి ఊరికి రావాల్సిన వాటాలోంచి వస్తే పిల్లలు ఎవరికీ పాట పాడక్కర్లేదు.

ఆ వాటాకు దేశమంతటా చట్టరూపం రావడానికి 2015 దాకా పట్టింది. గనుల చట్టాన్ని సవరించి, గనుల ప్రభావం ఉన్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఉండాలన్నారు. గని నడిపేవాళ్లు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, పాత లీజులైతే అందులో 30 శాతం, వేలంలో వచ్చినవైతే 10 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు లాంటివి ముందు వరసలో ఉంటాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోనైతే పనుల ప్రణాళికకు గ్రామసభ ఆమోదం ఉండాలి, ఏడాది ముగిశాక ఏం చేశారో గ్రామసభకు నివేదిక ఇవ్వాలి.

గనులున్న మండలాల్లో పాఠాలు చెబుతున్న మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. బిస్కెట్టు ఆట మీ తరగతిలో ఆడించండి, పిల్లలకు సరదాగా ఉంటుంది. ఆట అయ్యాక మీ జిల్లా ట్రస్టుకు ఈ ఏడాది ఎంత వచ్చిందో, మీ ఊరికి అందులో ఎంత చేరిందో కనుక్కుని బోర్డు మీద రాయండి. అడిగితే ఇవ్వాల్సిన లెక్కే అది. పుస్తకంలో లాభనష్టాల అధ్యాయానికి ఉదాహరణగా మామిడిపళ్ల వ్యాపారి బదులు ఇది పెట్టండి. శాతాలు కట్టడం ఎనిమిదో తరగతి పిల్లలకు వచ్చు.