బెజవాడలో బండి తిరుగుతుంది

విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటారు, తెల్లారేసరికి దిగుతారు. మధ్యలో బెజవాడ వచ్చిందన్న సంగతి చాలామందికి నిద్రలో వినిపించే టీ కేకల వల్లే తెలుస్తుంది. ఆ జంక్షన్‌ని మెలకువగా చూడాలని ఈసారి ప్రయాణాన్ని రెండుగా విడగొట్టాను. మధ్యాహ్నం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరి విజయవాడలో దిగడం, రాత్రి గోదావరి వచ్చేదాకా స్టేషన్‌లోనే ఉండి అందులో ముందుకు సాగడం.

తుని, అన్నవరం, సామర్లకోట దాటి రత్నాచల్ రాజమండ్రి చేరింది. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఈ దారిని 1893, 1896 మధ్య తెరిచింది. గోదావరి మీద హేవలాక్ వంతెన మాత్రం 1900లో గానీ సిద్ధం కాలేదు. అప్పటిదాకా ప్రయాణికులు బండి దిగి నది దాటి, అవతలి ఒడ్డున మళ్లీ బండి ఎక్కాల్సి వచ్చేది. ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. దాని రాతి స్తంభాలు ఇప్పటికీ నీళ్లలో గట్టిగా నిలబడి కనిపిస్తాయి.

ఏలూరు దాటాక వరిచేలు, మామిడితోటలు. గుణదల కొండ మీద మేరీమాత శిలువ కనిపించిందంటే సామాన్లు దించుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి బండి వేగం తగ్గించుకుంటూ, పట్టాలు ఒక్కొక్కటిగా చీలుతుండగా, స్టేషన్‌లోకి వచ్చింది.

విజయవాడ జంక్షన్‌కి పది ప్లాట్‌ఫారాలు. ఒక వైపు ప్రధాన ద్వారం, రెండో వైపు తారాపేట ద్వారం. పాదచారుల వంతెన ఎక్కి నిలబడితే ఈ స్టేషన్ తీరు అర్థమవుతుంది. దక్షిణాన కృష్ణ వంతెన. దాని మీదుగా గుంటూరు, తెనాలి, ఆపైన చెన్నై. ఉత్తరపు కొసన దారులు చీలిపోతాయి. కుడివైపు గుణదల మీదుగా ఏలూరు, విశాఖ, హౌరా. ఎడమవైపు కొండపల్లి, ఖమ్మం, కాజీపేట, ఆపైన సికింద్రాబాద్ లేదా ఢిల్లీ. చెన్నై నుంచి వచ్చే బండి హౌరా వెళ్లినా ఢిల్లీ వెళ్లినా ఇక్కడ ఆగి నేరుగా సాగిపోతుంది. విశాఖ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బండికి ఆ వెసులుబాటు లేదు. వచ్చే దారి, పోయే దారి రెండూ ఒకే కొసన ఉన్నాయి.

ఈ తీరుకి కారణం చరిత్రలో ఉంది. స్టేషన్ 1888 నాటిది. సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు వైపు నుంచి మీటర్ గేజ్ దారిని కృష్ణా తీరానికి తెస్తున్న కాలం అది. 1889లో నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా ఇక్కడికి చేరింది. ఇల్లెందు బొగ్గుకి సముద్రం వైపు దారి దొరికింది. ఆ తర్వాత తూర్పు తీరపు దారి వచ్చింది. 1899లో మద్రాసు నుంచి బ్రాడ్ గేజ్ లైను కలిసింది. వేర్వేరు యాజమాన్యాలు, రెండు రకాల గేజ్‌లు, ఒక్క నది. కలుసుకోవడానికి అందరికీ అనువైన చోటు, కొండల మధ్య కృష్ణ ఇరుకయ్యే బెజవాడే.

1929లో కాజీపేట, బల్లార్షా మధ్య లైను పూర్తవడంతో మద్రాసు నుంచి ఢిల్లీకి దగ్గరి దారి తెరుచుకుంది. అప్పటి నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పేరు బెజవాడకి ఇంటి పేరులాంటిదైంది. అంతకుముందే, 1921లో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ఇక్కడ జరిగింది. పింగళి వెంకయ్య జెండా నమూనాని గాంధీజీ చేతికిచ్చింది అప్పుడే. నలుదిక్కుల నుంచీ రైలెక్కి రాగలిగిన ఊరు కావడం బెజవాడని సభల ఊరిగా మార్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా సికింద్రాబాద్ సెంట్రల్ రైల్వేలో, విజయవాడ సదరన్ రైల్వేలో ఉండేవి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాకే రెండూ ఒకే జోన్ కిందికి వచ్చాయి. ఆ తర్వాత విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ని ప్రకటించారు. ఆ కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

చీకటి పడ్డాక స్టేషన్ ఇంకా హోరెత్తింది. పెరుగన్నం పొట్లాలు, ఇడ్లీలు, నీళ్ల సీసాలు కిటికీల వెంట పరుగెత్తాయి. ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకున్న కుటుంబాలు చాలానే. దసరాకీ, భవానీ దీక్షల విరమణకీ అయితే ఈ చోటంతా ఎర్రబట్టలతో నిండిపోతుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు చుట్టుపక్కల చిన్న స్టేషన్లు కూడా ఆ జనాన్ని పంచుకున్నాయి.

రాత్రి బాగా పొద్దుపోయాక గోదావరి వచ్చింది. 1974లో మొదలైన ఈ బండి తెలుగువాళ్లకి చిరపరిచితం. ఆగీ ఆగగానే పని మొదలైంది. ముందున్న ఇంజన్‌ని విడదీశారు. అప్పటిదాకా వెనకనున్న కొస ఇప్పుడు ముందైంది. అటు మరో ఇంజన్ మెల్లగా వచ్చి పెట్టెని తాకింది. ఒక ఉద్యోగి పెట్టెల మధ్యలోకి దిగి కప్లింగ్ బిగించాడు, బ్రేకు గొట్టాలు కలిపాడు. గాలి ఒత్తిడి చివరి పెట్టెదాకా చేరిందో లేదో చూసి, బ్రేకులు పట్టి వదిలి పరీక్షించాకే బండి కదలాలి. గార్డు ఈ కొస నుంచి ఆ కొసకి మారాడు.

బండి కదలగానే మా ఎదుటి బెర్తులో పెద్దావిడ లేచి కూర్చుంది.

"ఒరేయ్, బండి వెనక్కి పోతోందేంట్రా? మళ్లీ వైజాగేనా?"

"కాదు నాయనమ్మా. బెజవాడలో ఇంతే, బండి తిరుగుద్ది. పడుకో, పొద్దున్నే లేపుతాను."

వందే భారత్‌కి ఈ ఇంజన్ మార్పిడి అక్కర్లేదు. 2023 జనవరి 15న సికింద్రాబాద్, విశాఖ మధ్య మొదలైన ఆ బండికి రెండు కొసలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. డ్రైవర్ అటు కొసకి వెళ్తే చాలు. ఎగ్జిక్యూటివ్ తరగతిలో కుర్చీలు కూడా తిరుగుతాయి.

రాయనపాడు, కొండపల్లి వెనక్కి పోయాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి వెళ్లే బొగ్గు వ్యాగన్లు పక్క పట్టాల మీద నిలిచి ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర వరద పట్టాల కింది కట్టని కోసేసినప్పుడు బళ్లు ఇక్కడే, రాయనపాడు, కొండపల్లిలో, నిలిచిపోయాయి. ప్రయాణికుల్ని బస్సుల్లో బెజవాడ చేర్చాల్సి వచ్చింది.

గూడ్సుల కోసం రాయనపాడుకీ గుణదలకీ మధ్య బైపాస్ లైను ఉంది. యార్డులో పనులు జరిగేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌లని కూడా అటు మళ్లిస్తారు, బెజవాడ వాళ్లని రాయనపాడులో దింపుతారు. కాజీపేట దిశగా మూడో లైను పనులు సాగుతున్నాయి కాబట్టి బళ్లు పెరుగుతాయి, బైపాస్ అవసరమూ పెరుగుతుంది. అయితే రాయనపాడులో దింపిన మనిషిని ఊళ్లోకి చేర్చే లోకల్ బండి, బస్సు కూడా అదే ప్రణాళికలో ఉండాలి. అర్ధరాత్రి అక్కడ దిగే ముసలివాళ్లకీ, పిల్లల్ని భుజాన వేసుకున్న తల్లులకీ బైపాస్‌లో కలిసొచ్చే నిమిషాల కన్నా ఆ బస్సే ముఖ్యం.